గోల్స్ కొట్టని పిల్లాడు ప్రొఫెషనల్ మిడ్‌ఫీల్డర్ అవుతాడా? గుంటూరు అమ్మకు నా సమాధానం

అమ్మా, మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. బాబుకి 14 నిండాయి, గుంటూరులో తొమ్మిదో తరగతి. స్కూల్ టీంలో సెంటర్ మిడ్‌ఫీల్డ్ ఆడతాడు. పీఈటీ సార్ "టాలెంట్ ఉంది, వదలకండి" అంటున్నారు. మీ వారు మాత్రం పదో తరగతి అవ్వగానే రెసిడెన్షియల్ ఇంటర్‌లో వేసేద్దాం అంటున్నారు. బాబు సన్నగా, పొట్టిగా ఉన్నాడు, గోల్స్ పెద్దగా కొట్టడు. ఇది కెరీర్‌గా నిలబడుతుందా, నిలబడితే ఎన్నేళ్లు, ఎంత వస్తుంది?

సూటిగా చెప్తాను. నిలబడే అవకాశం ఉంది, కానీ గుంటూరులోనే ఉంటే కష్టం. 15 నుంచి 18 ఏళ్ల మధ్య ఏడాదికి ముప్పై నలభై గట్టి మ్యాచ్‌లు దొరికే చోట మీ బాబు ఉండాలి. అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. చదువు ఆపొద్దు. ఎత్తు గురించీ గోల్స్ గురించీ ఇప్పుడు టెన్షన్ పడొద్దు.

నేను విజయవాడలో పెరిగినవాణ్ని. యూనివర్సిటీకి ఆడాను, కోల్‌కతా లీగ్‌లో కొన్ని సీజన్లు మిడ్‌ఫీల్డ్‌లోనే ఆడాను. ఆ తర్వాత స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు పొద్దున్నే పిల్లలకు కోచింగ్ ఇస్తున్నాను. కాబట్టి ఇక్కడ రాసేది చాలావరకు నేను ఆడింది, నేర్పుతున్నది, నా కళ్ల ముందు జరిగింది.

ముందు గోల్స్ సంగతి. మన దగ్గర తల్లిదండ్రులు మ్యాచ్ అవ్వగానే అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని కొట్టావు?" అని. మిడ్‌ఫీల్డర్‌ని అలా అడిగితే వాడు పాడైపోతాడు. రెండో వారానికే వాడు తన చోటు వదిలేసి ముందుకు పరిగెత్తడం మొదలుపెడతాడు, వెనకాల గ్రౌండ్ మధ్యలో పెద్ద ఖాళీ ఏర్పడుతుంది. మిడ్‌ఫీల్డ్‌లో కూడా పనులు వేరు వేరు. డిఫెన్స్ ముందు నిలబడి ఎదుటివాళ్ల దాడి తెంచి, బాల్ శుభ్రంగా ముందుకు ఇచ్చేవాణ్ని 'ఆరు' అంటాం. రెండు పెనాల్టీ బాక్సుల మధ్య తిరుగుతూ రెండు పనులూ చేసేవాడు 'ఎనిమిది'. స్ట్రైకర్ వెనకాల ఉండి గోల్ అవకాశాలు తయారుచేసేవాడు 'పది'. వీళ్లలో గోల్స్ లెక్క కాస్తో కూస్తో అడగదగ్గది పదో నంబర్‌నే.

జీక్సన్ సింగ్ పేరు మీరు విని ఉండకపోవచ్చు. 2017 అక్టోబర్‌లో ఢిల్లీలో కొలంబియాతో జరిగిన అండర్-17 ప్రపంచకప్ మ్యాచ్‌లో కార్నర్‌ను తలతో కొట్టి గోల్ చేశాడు. ఫిఫా ప్రపంచకప్‌లలో ఏ స్థాయిలోనైనా భారత్ కొట్టిన మొదటి గోల్ అదే. ఆ మణిపూర్ కుర్రాడు స్ట్రైకర్ కాదు, డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్. తర్వాత కేరళ బ్లాస్టర్స్‌కీ ఈస్ట్ బెంగాల్‌కీ ఆడింది కూడా గోల్స్ కొట్టినందుకు కాదు, మధ్యలో బాల్ లాక్కోగలిగినందుకు, నిలపగలిగినందుకు.

మరి మీ బాబులో సరుకు ఉందో లేదో మీరెలా తెలుసుకుంటారు? ఫుట్‌బాల్ తెలియకపోయినా తెలుసుకోవచ్చు. వచ్చే మ్యాచ్‌కి వెళ్లి ఒక పది నిమిషాలు బాల్‌ని చూడకండి, బాబునే చూడండి.

బాల్ తన దగ్గరకు రాకముందు తల తిప్పి వెనక్కి చూస్తున్నాడా? నా దృష్టిలో మిడ్‌ఫీల్డర్‌కి ఇదే మొదటి పరీక్ష, చివరి పరీక్ష కూడా. బెంజ్ సర్కిల్‌లో పాత ఆటో డ్రైవర్‌ని గమనించండి, హ్యాండిల్ తిప్పకముందే నాలుగు వైపులా ఎవడెవడు వస్తున్నాడో అతనికి తెలుసు. మధ్యలో ఆడేవాడికీ అలాగే తెలియాలి, ఎందుకంటే ప్రత్యర్థి వాడి మీదకు ముందు నుంచే కాదు, అన్ని వైపుల నుంచీ వస్తాడు. బార్సిలోనాకి ఆడిన షావి పాత మ్యాచ్ ఏదైనా పెట్టి అతన్నే చూడండి. బాల్ ఎక్కడో ఉంటుంది, ఇతని తల మాత్రం తిరుగుతూనే ఉంటుంది. బాల్ వచ్చేసరికి ఎవరికి ఇవ్వాలో నిర్ణయం అయిపోయి ఉంటుంది.

రెండోది, బాల్ అందుకునేటప్పుడు ఒళ్లు ఎటు తిరిగి ఉంది. తన గోల్ వైపు ముఖం పెట్టి అందుకుంటే వెనక్కి ఇవ్వడం తప్ప గతి లేదు. పక్కకు తిరిగి, దూరపు కాలితో ఆపితే ఒకే టచ్‌లో ముందుకు తిరగగలడు. మూడోది, పాస్ ఇచ్చాక నిలబడి చూస్తున్నాడా, ఇంకో ఖాళీలోకి కదులుతున్నాడా. నాలుగోది, బాల్ పోగొట్టుకున్న మరు క్షణం ఏం చేస్తున్నాడు. తలపట్టుకుని నిలబడేవాడికీ, వెంటనే లాక్కోవడానికి వెళ్లేవాడికీ మధ్య చాలా తేడా ఉంది. ఇది నేర్పితే కొంత వస్తుంది, కానీ చాలామందిలో ముందే ఉంటుంది.

ఈ నాలుగిట్లో రెండు సహజంగా కనిపిస్తే నేను ఆ పిల్లాడితో కూర్చుని మాట్లాడతాను. డ్రిబ్లింగ్ చేసి ముగ్గురిని దాటేయడం, బాల్‌ని తల మీద ఆడించడం చూసి పొంగిపోను. సెలెక్షన్స్‌లో చప్పట్లు వాటికే పడతాయి, నిజమే. కానీ జీవనోపాధిగా ఆడే స్థాయిలో మిడ్‌ఫీల్డర్‌కి రెండు టచ్‌లకు మించి టైం ఎవడూ ఇవ్వడు.

ఎత్తు సంగతి. మిడ్‌ఫీల్డర్ లూకా మోడ్రిచ్ ఎత్తు 172 సెంటీమీటర్లు. చిన్నప్పుడు క్రొయేషియాలో హైడుక్ స్ప్లిట్ క్లబ్ ఒళ్లు చాలదని వద్దంది. డైనమో జాగ్రెబ్ తీసుకుని, కుర్రాడిగా ఉన్నప్పుడే బోస్నియా లీగ్‌కి లోన్ మీద, అంటే కొన్నాళ్లు వేరే క్లబ్‌కి ఆడటానికి, పంపింది. అక్కడి మొరటు ఆటలో నిలబడటం నేర్చుకున్నాడు. 2018లో ప్రపంచ ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డి'ఓర్ గెలిచాడు, 2025లో నలభైకి దగ్గర పడుతూ రియల్ మాడ్రిడ్ నుంచి ఏసీ మిలాన్‌కి వెళ్లి ఇంకా ఆడాడు. షావి ఎత్తు 170. మిడ్‌ఫీల్డ్‌లో ఎత్తు ఉంటే మంచిదే, ముఖ్యంగా ఆరో నంబర్‌కి. కానీ 14 ఏళ్లప్పుడు ఉన్న ఎత్తు పెద్దగా ఏమీ చెప్పదు. కొందరు పదమూడుకే మీసాలొచ్చి అందర్నీ నెట్టేస్తారు, కొందరికి పదహారు దాటాక గానీ ఎదుగుదల రాదు. నా దగ్గరకు కృష్ణలంక నుంచి వచ్చిన ఒక కుర్రాణ్ని జిల్లా సెలెక్షన్స్‌లో వరసగా పక్కన పెట్టేశారు, ఒళ్లు లేదని. ఒళ్లు లేదు కాబట్టే వాడు బాల్‌ని తొందరగా వదలడం, ఢీకొట్టకుండా తప్పుకోవడం నేర్చుకున్నాడు. ఎత్తు వచ్చాక ఆ తెలివి వాడితోనే ఉంది. ఇప్పుడు ఒక డిపార్ట్‌మెంట్ టీంలో ఆడుతున్నాడు.

ఇక్కడే ఒక హెచ్చరిక. ఎవరో ఒకరు వచ్చి "రెండేళ్లు తగ్గించి సర్టిఫికెట్ చేయిద్దాం, చిన్నవాళ్లలో ఆడితే మెరుస్తాడు" అంటారు. ఒప్పుకోకండి. ఫిఫా అండర్-17 టోర్నీల్లో మణికట్టుకి ఎంఆర్‌ఐ తీసి చూస్తారు. దొరికితే నిషేధం. దొరక్కపోయినా నష్టమే, చిన్నపిల్లల మీద బలంతో గెలవడం అలవాటైనవాడు తనకు సమానమైనవాళ్లు ఎదురైన రోజు ఏం చేయాలో తెలియక ఆగిపోతాడు.

ఇప్పుడు మీ ఇంట్లో గొడవకు వద్దాం, ఇంటర్. దీని గురించి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మన విజయవాడ, గుంటూరు పిల్లల ఫుట్‌బాల్ ఆగిపోయేది ఎక్కువగా ఈ రెండేళ్లలోనే. పొద్దున ఐదింటికి లేపి రాత్రి పదింటి దాకా స్టడీ అవర్స్ పెట్టే హాస్టల్‌లో గ్రౌండ్ అనే మాటే ఉండదు. మా బ్యాచ్‌లో మంచి ఎనిమిదో నంబర్ కుర్రాడొకడు అలా వెళ్లి, ర్యాంకు తెచ్చుకుని, ఇంజినీరింగ్‌లో చేరాక మళ్లీ వచ్చాడు. టచ్ పోలేదు, కాళ్లు మర్చిపోలేదు. కానీ బాల్ వచ్చాక ఆలోచించడం మొదలుపెట్టేవాడు. ఈలోపు ఎదుటివాడు మీద పడేవాడు. స్ట్రైకర్‌కి, వింగర్‌కి వేగం ఉంటే కొంత వెనక్కి తెచ్చుకోవచ్చు. మిడ్‌ఫీల్డర్ ఆట మొత్తం చూడటం, నిర్ణయించడం మీద ఉంటుంది, అది మ్యాచ్‌లు ఆడితేనే పెరుగుతుంది. 16, 17 ఏళ్లలో మ్యాచ్‌లు ఆగిపోతే ఆ లోటు తర్వాత పూడ్చడం చాలా కష్టం.

అలాగని చదువు మానిపించమని నేను ఏ తల్లికీ చెప్పను. మీ వారి భయం సరైనదే, ఒక మోకాలి దెబ్బతో ఈ కెరీర్ ఆగిపోవచ్చు. మీరిద్దరూ మాట్లాడుకోవాల్సింది ఏ గ్రూప్ అని కాదు, ఎక్కడ అని. ఎంపీసీ తీసుకున్నా తప్పులేదు, డే కాలేజీ అయితే చాలు. అకాడమీకి వెళ్తే అక్కడే స్కూల్‌తో ఒప్పందం ఉందో కనుక్కోండి, లేకపోతే ఎన్ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూల్) ద్వారా ఇంటర్ రాయొచ్చు.

అకాడమీ అంటే ఏది? జంషెడ్‌పూర్‌లో టాటా ఫుట్‌బాల్ అకాడమీ 1987 నుంచి ఉంది. కార్ల్‌టన్ చాప్‌మన్, రెనెడీ సింగ్ లాంటి మిడ్‌ఫీల్డర్లు అక్కడి నుంచే వచ్చారు. నవీ ముంబైలో రిలయన్స్ ఫౌండేషన్ యంగ్ చాంప్స్, మొహాలీలో మినర్వా, భువనేశ్వర్‌లో 2023లో ఆర్సెనల్ మాజీ కోచ్ ఆర్సెన్ వెంగర్ వచ్చి ప్రారంభించిన ఫిఫా, ఏఐఎఫ్ఎఫ్ (భారత ఫుట్‌బాల్ సమాఖ్య) అకాడమీ ఉన్నాయి. మన రాష్ట్రంలో అనంతపురంలో ఆర్డీటీ స్వచ్ఛంద సంస్థ వాళ్లు ఏళ్ల తరబడి ఫుట్‌బాల్ మీద నిజంగా పని చేశారు. ఊళ్లో ప్రతి టర్ఫ్ పక్కనా ఇప్పుడు 'అకాడమీ' బోర్డు ఉంది. చేర్చేముందు అడగాల్సినవి: ఏఐఎఫ్ఎఫ్ గుర్తింపు ఉందా, కోచ్‌కి ఏఎఫ్‌సీ (ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య) లైసెన్స్ ఉందా, పోయిన ఏడాది ఆ వయసు టీం ఏ లీగ్‌లో ఎన్ని మ్యాచ్‌లు ఆడింది. మూడో ప్రశ్నకు నీళ్లు నమిలితే తిరిగి వచ్చేయండి. ఏసీ గది, ఫారిన్ జెర్సీ చూసి ఫీజు కట్టకండి.

పెద్ద అకాడమీలో సెలెక్ట్ కాకపోతే అయిపోయినట్టు కాదు. సహల్ అబ్దుల్ సమద్ దారి చూడండి. కణ్ణూర్‌లో కాలేజీ ఫుట్‌బాల్ ఆడాడు, అక్కడి నుంచి కేరళ తరఫున రాష్ట్ర జట్ల జాతీయ టోర్నీ సంతోష్ ట్రోఫీ, అక్కడి నుంచి బ్లాస్టర్స్, తర్వాత ఇండియా జెర్సీ. మన యూనివర్సిటీలూ ఇంటర్‌వర్సిటీకి టీంలు పంపుతాయి, రాష్ట్రం సంతోష్ ట్రోఫీ ఆడుతుంది. కేరళలో ఈ దారి వెడల్పుగా ఉంది, మన దగ్గర ఇరుకుగా ఉంది. అయినా దారి ఉంది.

మనవాళ్లకు ఫుట్‌బాల్ రాదనే మాట వింటే నాకు బాధగా ఉంటుంది. 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు గెలిచిన, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన భారత జట్ల కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్ మనిషి. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. విక్టర్ అమల్‌రాజ్ సికింద్రాబాద్ నుంచి వెళ్లి కోల్‌కతా పెద్ద క్లబ్బుల మిడ్‌ఫీల్డ్ నడిపాడు. ఆ రోజుల్లో వాళ్లకు ఉన్నవి, ఇప్పుడు మన పిల్లలకు లేనివి మ్యాచ్‌లే.

ఇంకో విషయం, చాలామంది చెప్పరు. దేశంలో పై స్థాయి లీగ్ ఐఎస్ఎల్‌లో (ఇండియన్ సూపర్ లీగ్) 2021-22 నుంచి ఒకేసారి గ్రౌండ్‌లో నలుగురు విదేశీయులు ఉండొచ్చు. కోచ్‌లు ఆ నలుగురిని వరసగా మధ్యలోనే పెడతారు: సెంటర్ బ్యాక్, మిడ్‌ఫీల్డ్, స్ట్రైకర్. ముఖ్యంగా పదో నంబర్ చోటు బయటివాళ్లకే ఎక్కువ పోతుంది. భారతీయ మిడ్‌ఫీల్డర్‌కి చోటు దొరికేది ఎక్కువగా ఆరు, ఎనిమిదిలో. అనిరుధ్ థాపా, అపుయా, సురేశ్ సింగ్, వీళ్లంతా పరిగెత్తగలవాళ్లు, లాక్కోగలవాళ్లు, రెండు మూడు రకాల పనులకు సరిపోయేవాళ్లు. అందుకే నా దగ్గర 'నేను పది మాత్రమే ఆడతాను' అనే పిల్లాడికి ఆరో నంబర్ కూడా తప్పకుండా నేర్పిస్తాను. సెంటర్ మిడ్‌ఫీల్డర్ ఒక మ్యాచ్‌లో 10 నుంచి 12 కిలోమీటర్లు తిరుగుతాడు. గోల్స్ కొట్టకుండా మధ్యలో నిలబడే మీ బాబుకి ఆరు, ఎనిమిదిలో చోటు దొరకడం నిజానికి అనుకూలమైన సంగతి.

డబ్బు. ఐఎస్ఎల్ మొదటి జట్టులో స్థిరపడ్డ మిడ్‌ఫీల్డర్‌కి మంచి సాఫ్ట్‌వేర్ జీతం కంటే ఎక్కువే వస్తుంది. కింది డివిజన్లలో చాలామందికి మామూలు ప్రైవేటు ఉద్యోగం అంత, అదీ సీజన్ ఉన్న నెలలకే. మధ్యలో పెద్ద ఖాళీ ఉంది. లీగ్ స్థిరత్వం మీద కూడా భ్రమలు వద్దు. 2021-22లో ఐఎస్ఎల్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ డబ్బు ఇబ్బందుల్లో పడి, 2025లో ఢిల్లీకి వెళ్లిపోయింది. అదే ఏడాది లీగ్ హక్కుల ఒప్పందం తేలక సీజనే వాయిదా పడింది, కొన్ని క్లబ్బులు జీతాలు ఆపేశాయి. అందుకే రైల్వే, సర్వీసెస్ (సైనిక దళాలు), పోలీస్, ఇతర డిపార్ట్‌మెంట్ ఉద్యోగాలను చిన్నచూపు చూడకండి. నేను దాంతోనే ఇల్లు కట్టుకున్నాను. స్కూల్ గేమ్స్, రాష్ట్ర జట్టు, యూనివర్సిటీ సర్టిఫికెట్లు ఒక్కటి కూడా పోగొట్టకుండా ఫైలు పెట్టండి, ఆ రోజు అవే అడుగుతారు.

ఎన్నేళ్లు అంటే, 19, 20కి మొదలై 33, 34 దాకా. మంచి ఏళ్లు 24 నుంచి 30. మిడ్‌ఫీల్డర్లకు ఒక సౌకర్యం ఉంది, వేగం తగ్గాక కూడా బుర్రతో రెండు మూడేళ్లు ఎక్కువ ఆడగలరు. ఆ తర్వాత కోచింగ్ లైసెన్సులు చేసుకోవచ్చు, ఆట చదవడం వచ్చినవాళ్లు కాబట్టి కోచ్‌లుగా రాణించేవాళ్లలో మిడ్‌ఫీల్డర్లు చాలామందే ఉంటారు.

కాంట్రాక్ట్ వస్తే చూడాల్సినవి కొన్ని. 18 లోపు ఆటగాడితో మూడేళ్లకు మించి ఒప్పందం చేసుకోకూడదని ఫిఫా నియమం. రెండు నెలల జీతం ఎగ్గొడితే, రాతపూర్వకంగా నోటీసిచ్చి 15 రోజులు గడువిచ్చి, అప్పటికీ కట్టకపోతే న్యాయమైన కారణంతో ఒప్పందం తెంచుకోవచ్చు. దెబ్బ తగిలితే చికిత్స ఎవరిదో, ఆ నెలల్లో జీతం ఉంటుందో లేదో కాగితం మీద ఉండాలి. బాబు ఏ క్లబ్‌లో ఆడినా ఏఐఎఫ్ఎఫ్ ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ సిస్టమ్‌లో పేరు ఎక్కిందో లేదో చూసుకోండి.

విదేశీ ట్రయల్స్ పేరుతో లక్షలు అడిగేవాళ్లను ఇంటి గడప తొక్కనివ్వకండి. స్పెయిన్, పోర్చుగల్, సెర్బియా అని ఫొటోలు చూపిస్తారు. ఫిఫా నియమాల ప్రకారం 18 నిండని ఆటగాణ్ని వేరే దేశం క్లబ్ రిజిస్టర్ చేసుకోకూడదు. తల్లిదండ్రులు ఫుట్‌బాల్‌తో సంబంధం లేని కారణాలతో ఆ దేశంలో స్థిరపడటం లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. అంటే 15 ఏళ్ల గుంటూరు పిల్లాడికి అక్కడ దొరికేది రెండు వారాల శిక్షణ, ఒక జెర్సీ. మీ ఊరివాళ్లే ఒక కుటుంబం పొలం మీద అప్పు తెచ్చి అలా పంపారు. ఆ అప్పు ఇంకా తీరలేదు, పిల్లాడు ఆ అపరాధ భావంతో ఆటే మానేశాడు.

ఒంటి జాగ్రత్తలు త్వరగా చెప్తాను. ఈ వయసులో మోకాలి చిప్ప కింద ఎముక దగ్గర నొప్పి, మడమ నొప్పి ఎదుగుదల వల్ల చాలామందికి వస్తాయి. స్ప్రే కొట్టి ఆడించకండి, ఆట తగ్గించండి, తగ్గకపోతే ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించండి. మన నల్లరేగడి గ్రౌండ్లు వేసవిలో రాయిలా గట్టిపడతాయి, వాటి మీద పొడుగు స్టడ్స్ వద్దు, చిన్న రబ్బరు గుబ్బల షూ వేయండి. ఏప్రిల్, మేలో పొద్దున ఏడున్నర తర్వాత ప్రాక్టీస్ పెట్టే కోచ్‌తో మాట్లాడండి, వినకపోతే పంపకండి. తిండికి ప్రత్యేకంగా పౌడర్లు అక్కర్లేదు. గుడ్లు, పప్పు, పాలు, రాగి జావ, సరిపడా అన్నం, తొమ్మిది గంటల నిద్ర చాలు. మ్యాచ్‌కి మూడు గంటల ముందు తినేయాలి.

ఈ ఏడాది చేయాల్సింది ఇది. ఇంటి గోడకు కొట్టి బాల్ అందుకునే సాధన రోజూ పదిహేను నిమిషాలు, బలహీనమైన కాలితో ఎక్కువ. బాల్ తిరిగి వచ్చేలోపు ఒకసారి వెనక్కి చూడాలి, మీరు వెనకాల నిలబడి వేళ్లు చూపిస్తే ఎన్నో చెప్పాలి. వారానికి రెండుసార్లు తనకంటే పెద్దవాళ్లతో ఐదుగురు వర్సెస్ ఐదుగురు ఆడనివ్వండి. స్కూల్ జట్ల జాతీయ టోర్నీ సుబ్రతో కప్, స్కూల్ గేమ్స్ సెలెక్షన్స్‌కి పంపండి. పదో తరగతి లోపు కనీసం రెండు మంచి అకాడమీల ట్రయల్స్‌కి వెళ్లండి. ఎవరూ తీసుకోకపోతే డే కాలేజీ, సాయంత్రం ప్రాక్టీస్, 18 వచ్చాక మళ్లీ చూసుకుందాం.

ఒక పూర్తి మ్యాచ్ వీడియో తీసి పంపండి. హైలైట్స్ వద్దు, పాట కలపొద్దు. స్టాండ్స్‌లో ఎత్తుగా కూర్చుని, బాల్ వెంట జూమ్ చేయకుండా సగం గ్రౌండ్ కనిపించేలా తీయండి. అది చూస్తే బాబు ఆరా, ఎనిమిదా, ఏ ట్రయల్స్‌కి ముందు వెళ్లాలో చెప్పగలను. వీలైతే మీ వారిని కూడా నాతో ఒకసారి మాట్లాడమనండి.